నాన్న మిలిటరీ కథ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:

మా నాన్నకు 77 ఏళ్లు. సొంత ఊరు గిద్దలూరు దగ్గర ఒక పల్లె. 1967లో మిలిటరీలో చేరారు. ఈఎంఈలో (సైన్యంలో యంత్రాలూ సెట్లూ మరమ్మతు చేసే విభాగం) రేడియో మెకానిక్‌గా 24 ఏళ్లు చేసి 1991లో హవల్దారుగా పెన్షన్ వచ్చారు. మల్కాజిగిరిలో ఇల్లు కట్టుకుని టీవీ రిపేరు షాపు పెట్టారు. షాపు ఉండగానే 1995 నుంచి రాత్రిళ్లు ఒక కంపెనీలో సెక్యూరిటీ డ్యూటీకి వెళ్లేవారు. తర్వాత షాపు మూసేసి ఇన్సూరెన్స్ ఏజెంటుగా, స్కూలు బస్సుల ఇన్‌చార్జిగా, చివరికి ఒక ప్రైవేటు ఐటీఐలో ఇన్‌స్ట్రక్టరుగా చేశారు. 2006లో అన్నీ మానేశారు. ఇప్పుడు పాత రేడియోలు బాగుచేసుకుంటూ, మేడ మీద గులాబీలు పెంచుకుంటూ ఉంటారు.

వచ్చే మే నెలలో అమ్మానాన్నల పెళ్లికి 50 ఏళ్లు నిండుతాయి. ఆ రోజుకి నాన్న జీవితాన్ని చిన్న పుస్తకంగా వేయాలని నా కోరిక. ఆయనేమో నోరు విప్పరు. మా అబ్బాయి "తాతయ్యా, 71 యుద్ధంలో నువ్వేం చేశావు?" అని అడిగితే "వైర్లు అతికించాను" అని లేచి వెళ్లిపోతారు. మా అన్నయ్య 1978లో పుట్టాడు, నేను 81లో. వాడు 95లో ఇంజనీరింగ్‌లో చేరాడు, నా పెళ్లి 2004లో అయింది. అంటే మా చిన్నతనమంతా నాన్న దూరంగానే ఉన్నారు. అన్నయ్యకు ఆ కోపం ఇంకా పోలేదు. "ఆయనేమన్నా జనరలా? ఏ పనిలోనూ నిలవలేదు, ఇంట్లోనూ నిలవలేదు, ఏం రాస్తావు?" అంటాడు. నాన్నని అడిగి విసిగించడం తప్పా? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

— నేరేడ్‌మెట్ నుంచి ఒక కూతురు

జవాబు:

అడగడం తప్పు కాదమ్మా. 77 ఏళ్ల మనిషిని ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడు అడుగుతారు? అయితే అడిగే ప్రశ్న మార్చుకోవాలి. యుద్ధంతో మాత్రం మొదలుపెట్టకండి.

1971 యుద్ధం డిసెంబర్ 3 సాయంత్రం మొదలైంది. 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, మర్నాడు పశ్చిమ సరిహద్దులో కాల్పులు ఆగాయి. మొత్తం రెండు వారాలు. మీ నాన్న సర్వీసు 24 ఏళ్లు. మనవడికి ఆ రెండు వారాలే కావాలి, ఆ వయసుకి అది సహజం. కానీ పుస్తకం వేసే కూతురికి మిగతా కాలమంతా కావాలి. ట్రైనింగులో మొదటి చలికాలం, హిందీ రాని తెలుగు కుర్రాడు రోల్ కాల్‌లో పడ్డ తిప్పలు, లంగర్ (సైన్యపు వంటశాల) తిండి, అందరూ కలిసి విందు చేసుకునే బడాఖానా రాత్రులు, లీవు మీద వచ్చేటప్పుడు రెండు మూడు రైళ్లు మారడం, ఇవన్నీ చెప్పడానికి ఆయనకి ఏ ఇబ్బందీ ఉండదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు, అంతే.

ఇంకో మాట. "వైర్లు అతికించాను" అన్నది మీ అబ్బాయికి తప్పించుకునే జవాబులా అనిపించి ఉంటుంది. నాకు మాత్రం అది సూటి జవాబే అనిపించింది. ఆ యుద్ధంలో పశ్చిమాన షకర్‌గఢ్ సెక్టారులో, బసంతర్ నది దగ్గర పెద్ద ట్యాంకు యుద్ధం జరిగింది. యువ ట్యాంకు అధికారి అరుణ్ ఖేతర్‌పాల్‌కు పరమవీర చక్ర వచ్చింది అక్కడే. మనకి ట్యాంకులూ ఫిరంగులే గుర్తుంటాయి. కానీ మూతలు మూసుకుని పోయే ట్యాంకులో ఉన్నవాడికి బయటి లోకంతో సంబంధం వైర్‌లెస్ సెట్టు ఒక్కటే. అది పోతే పక్క ట్యాంకు ఎక్కడుందో, ముందుకు పోవాలో ఆగాలో తెలియదు. ఆ సెట్లని పని చేయించేది మీ నాన్న లాంటి ఈఎంఈ మెకానిక్‌లే. ఆయన ఏ యూనిట్‌తో, ఏ వైపు ఉన్నా ఆ పని విలువ అదే. అందుకని "యుద్ధంలో ఏం చేశారు?" అని కాకుండా "ఏ సెట్టు నాన్నా? దానికి ఎక్కువగా ఏం పోయేది? చలికి బ్యాటరీలు ఎలా ఉండేవి? రాత్రి వెలుతురు చూపించకూడదు కదా, మరి సోల్డరింగ్ ఎలా చేసేవారు?" అని అడిగి చూడండి. మెకానిక్‌కి తన పని గురించి అడిగే మనిషి దొరికితే అరగంట మాట్లాడతాడు. ఆ మాటల మధ్యలోనే ఆయన అనుకోకుండా యుద్ధం కూడా వస్తుంది. వస్తే వినండి, రాకపోతే వదిలేయండి.

ఎక్కడ కూర్చుని అడగాలన్నది కూడా ముఖ్యమే. సోఫాలో ఎదురుగా కూర్చోబెట్టి, ఫోన్ పెట్టి "చెప్పండి నాన్నా" అంటే ఎంత మాటకారైనా బిగుసుకుపోతాడు. ఆయన రేడియో విప్పి మల్టీమీటరు పట్టుకుని ఉన్నప్పుడు పక్కన స్టూలు వేసుకుని కూర్చోండి. ఇంకా మంచి పని, ఒక ఆదివారం పొద్దున్నే ఎర్రగడ్డ సంతకి తీసుకెళ్లండి. పాత మర్ఫీ, బుష్ సెట్లు అక్కడ ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతూనే ఉంటాయి. విడిభాగాల కోసం కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లేటప్పుడు వెంట వెళ్లండి. మనిషి చేతులూ కాళ్లూ పనిలో ఉంటే నోరు తేలికగా తెరుచుకుంటుంది. ఫోన్‌లో రికార్డు చేస్తున్నట్టు మాత్రం ముందే చెప్పండి. చాటుగా చేయొద్దు. జీవితమంతా క్రమశిక్షణలో బతికిన మనిషికి తర్వాత తెలిస్తే బాధ కలుగుతుంది.

ఆయన మాటలు మొదలుకాక ముందే మీరు చూసుకోవలసిన కాగితాలున్నాయి. తెల్ల పెయింటుతో నంబరూ పేరూ రాసిన నల్ల ఇనప్పెట్టె ఒకటి ఇంట్లో ఉండి ఉంటుంది. ముందు అందులో డిశ్చార్జి బుక్కు తీయండి. చేరిన తేదీ, ట్రేడు, ర్యాంకులు, మెడల్స్, అన్నీ దాంట్లో ఉంటాయి. సొంత జిల్లా దగ్గర కర్నూలు అని కనిపిస్తే తప్పు పడిందనుకోకండి. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970 ఫిబ్రవరిలో. మీ నాన్న చేరేనాటికి గిద్దలూరు కర్నూలు జిల్లాలోదే.

తర్వాత మెడల్స్. అవి షోకేసులో పెట్టుకునే వస్తువులు మాత్రమే అనుకుంటారు, నిజానికి అవి చదువుకునే వస్తువులు కూడా. పశ్చిమీ స్టార్ ఉంటే 71లో ఆయన పశ్చిమ రంగంలో ఉన్నట్టు, పూర్వీ స్టార్ ఉంటే తూర్పున ఉన్నట్టు. సైన్య సేవా మెడల్ రిబ్బను మీద చిన్న లోహపు పట్టీ ఉంటుంది, దాని మీద జమ్మూ కశ్మీరనో హిమాలయ అనో హిందీలో ఉంటుంది. అది ఆయన ఏ కష్టమైన ప్రాంతంలో చేశారో చెబుతుంది. స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్ ఒకటి ఉంటుంది, అది 1972 ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉన్న అందరికీ ఇచ్చారు కాబట్టి దాన్నుంచి కథ అల్లకండి. ఒక్కొక్కటీ చేతిలో పెట్టి "ఇది ఎప్పుడు వచ్చింది నాన్నా, ఆ రోజు ఎక్కడున్నారు?" అని అడిగితే మీకు సగం పోస్టింగులు దొరుకుతాయి. కాగితాలన్నీ స్కాన్ చేయించండి. దయచేసి ఏదీ లామినేషన్ చేయించకండి, పాత కాగితం ఆ వేడికి పాడవుతుంది, మళ్లీ ఊడదీయడం కుదరదు.

ఆ పెట్టె తీసినప్పుడే ఇంకో పని చేయండి. మీరు అడగకపోయినా చెబుతున్నాను, ఎందుకంటే ఇది మీ అమ్మగారి బతుకుకి సంబంధించినది. పీపీఓలోనూ (పెన్షన్ మంజూరు కాగితం), సైనిక పెన్షన్ల స్పర్శ్ పోర్టల్లోనూ అమ్మగారి పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో ఆధార్ కార్డుతో పక్కపక్కన పెట్టి చూడండి. పాత రికార్డుల్లో యూనిట్ క్లర్కు ఇంటి పేరు వదిలేసో, అక్షరం మార్చో రాసిన కేసులు తరచుగా కనిపిస్తాయి. నాన్నగారు ఉండగా ఆయన సంతకంతో సరిచేయించుకోవడం తేలిక. తర్వాత ఫ్యామిలీ పెన్షన్ కోసం ఆమె ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఈఎంఈ రికార్డ్స్ ఆఫీసు సికింద్రాబాద్‌లోనే ఉంది కాబట్టి మీకు దూరాభారం కూడా లేదు. కాగితాలు ఎలా పెట్టాలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చెబుతారు. పుస్తకం కంటే ముందు ఈ పని.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరమంతా చదివాక నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది ఒకటుంది. మీ అమ్మగారి గురించి అందులో ఒక్క ముక్క లేదు. పెళ్లికి 50 ఏళ్లు అన్నారు. వేసే పుస్తకం మాత్రం నాన్నగారిది అన్నారు. పెళ్లయింది 1976లో, ఆయన ఇంటికి వచ్చింది 1991లో. ఆ 15 ఏళ్లలో కుటుంబాన్ని వెంట ఉంచుకోగలిగే పీస్ స్టేషన్‌లో ఫ్యామిలీ క్వార్టర్ దొరికిన రోజులు పోను మిగతా కాలమంతా ఇద్దరు పిల్లలతో ఆ ఇల్లు నడిపింది ఎవరు?

మిలిటరీ వాళ్ల ఇళ్లలో ఉత్తరాలకు ఒక ప్రత్యేకత ఉంది. అడ్రసులో నంబరు, పేరు, యూనిట్, చివర కేరాఫ్ 56 ఏపీఓ (సైన్యపు పోస్టాఫీసు). తూర్పు వైపు ఉంటే 99 ఏపీఓ. ఊరి పేరు ఉండదు. భద్రత కోసం పెట్టిన పద్ధతి అది. దాని వల్ల ఇంట్లో ఆడవాళ్లకి భర్త మంచులో ఉన్నాడో ఎడారిలో ఉన్నాడో తెలిసేది కాదు. 1986-87 చలికాలంలో రాజస్థాన్ సరిహద్దులో బ్రాస్‌టాక్స్ అని భారీ విన్యాసాలు జరిగాయి, మళ్లీ యుద్ధం వస్తుందేమో అన్నంత వరకూ వెళ్లింది. ఆ నెలల్లో మీ ఇంటికి ఉత్తరాలు ఎలా వచ్చాయో, లీవు ఏమైందో అమ్మని అడగండి. మనియార్డరు ఆలస్యమైన నెల ఎలా గడిచింది? అన్నయ్యకి జ్వరం వచ్చిన రాత్రి ఎవరిని లేపింది? ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం ఎవరు చేశారు? వీటన్నిటి కంటే నేను ముందు అడిగే ప్రశ్న, "నాన్నకి రాసిన ఉత్తరాల్లో నువ్వు రాయకుండా దాచినవి ఏంటమ్మా?" అన్నది. అక్కడ ఆయన ఆందోళన పడకూడదని ఇక్కడి జబ్బులు, అప్పులు, మాటలు పడ్డ సంగతులు రాయని ఇల్లాళ్లు ఎంతమందో. ఆయన కూడా అటు నుంచి "నేను క్షేమం" అనే రాసి ఉంటారు. ఇద్దరూ దాచుకున్నవి ఒకే పుస్తకంలో పక్కపక్కన పడితే, ఆ పుస్తకం ఇద్దరిదీ అవుతుంది. ఇన్‌లాండ్ లెటర్లు ఒక్కటైనా మిగిలి ఉంటే ఫొటో తీసి యథాతథంగా వేయండి, తప్పులు దిద్దకుండా.

మీ అన్నగారి మాటలు రెండు. వాటిని విడివిడిగా చూడాలి.

"ఏ పనిలోనూ నిలవలేదు" అన్న మొదటి మాట పొరపాటు. దాన్ని వాదించి గెలవకండి. ఒక పెద్ద కాగితం తీసుకుని మూడు గళ్లు గీయండి. ఒక గడిలో సంవత్సరం, రెండో దాంట్లో నాన్న చేసిన పని, మూడో దాంట్లో ఆ ఏడాది ఇంట్లో ఏం జరిగింది. మీ ఉత్తరంలో ఉన్న తేదీలతోనే మొదలుపెట్టవచ్చు. పగలు షాపు, రాత్రి సెక్యూరిటీ మొదలైంది 1995లో అన్నారు. అన్నయ్య ఇంజనీరింగ్‌లో చేరింది కూడా 1995లోనే. మీరిద్దరూ ఎప్పుడన్నా ఈ రెండిటినీ ఒకే వరసలో రాసుకుని చూశారా? మిగతా గళ్లు అమ్మ నింపుతుంది.

సైన్యానికి కుర్రవాళ్లు కావాలి కాబట్టి జవాన్లనీ హవల్దార్లనీ నలభై ఏళ్లు అటూ ఇటూ ఉండగానే ఇంటికి పంపిస్తారు. బయట అదే వయసువాడికి ఉద్యోగంలో అప్పుడప్పుడే నాలుగు రూపాయలు కనిపిస్తుంటాయి, పిల్లలు హైస్కూల్లో ఉంటారు. ఆ సమయంలో మీ నాన్న 43 ఏళ్ల వయసులో మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టారు. అదీ 1991లో, దేశం బంగారం తాకట్టు పెట్టిన ఏడాదిలో. ఆయన చేతిలో ఉన్న విద్య రేడియో. ఊళ్లో అందరికీ కావలసింది టీవీ. ఆ వయసులో ఆ పని నేర్చుకుని షాపు పెట్టడం నిలకడ లేకపోవడం ఎలా అవుతుంది?

2006లో అన్నీ మానేశారన్నారు. దానికి కారణం ఇంట్లో ఎవరికైనా తెలుసా? పెన్షన్ వచ్చేటప్పుడు చాలామంది పెన్షన్‌లో కొంత భాగం కమ్యుటేషన్ చేసి ఒకేసారి డబ్బు తీసుకుంటారు, ఇల్లు కట్టుకునేది సాధారణంగా ఆ డబ్బుతోనే. కోసుకున్న ఆ భాగం 15 ఏళ్ల తర్వాత మళ్లీ పెన్షన్‌లో కలుస్తుంది. 1991కి 15 కలిపితే 2006. మల్కాజిగిరి ఇల్లు ఆ డబ్బుతో కట్టిందేనా అని అడగండి. అవునంటే మీ నాన్న లెక్క వేసుకుని, మీ పెళ్లి కూడా చేసి, పూర్తి పెన్షన్ మొదలయ్యే ఏడాది దాకా పని చేసి ఆగారన్నమాట. ఎక్స్-సర్వీస్‌మెన్‌కి ఈసీహెచ్ఎస్ అనే వైద్య పథకం మొదలైంది కూడా 2003లోనే. అంతకుముందు అమ్మకో మీకో పెద్ద జబ్బు చేసి బయట హాస్పిటల్‌కి వెళ్లాల్సి వస్తే ఖర్చు ఆయన జేబులోంచే. ఇన్ని పనులు ఎందుకు మారారన్నదానికి కారణం ఆయన స్వభావంలో కంటే ఆ మూడో గడిలోనే ఎక్కువ దొరుకుతుంది.

అన్నగారి రెండో మాట వేరు. "ఇంట్లో నిలవలేదు" అన్నది నిజం. నాన్న తప్పు లేకపోవచ్చు, అయినా పదమూడేళ్ల దాకా తండ్రిని చుట్టంలా చూసిన పిల్లవాడి బాధ అబద్ధం కాదు. అన్నయ్యా అలా అనకు, దేశసేవ చేశారు కదా అని దాన్ని నొక్కేయకండి. మీ ఇద్దరి అనుభవం కూడా ఒకటి కాదు. నాన్న వచ్చేసరికి మీకు పదేళ్లు, చేతికి అంది వచ్చారు. అన్నయ్యకి అప్పటికే మీసాలు వచ్చే వయసు, ఇంట్లో మగదిక్కుగా అలవాటు పడ్డవాడు. హఠాత్తుగా పొద్దున ఐదింటికి లేపి, పక్క సరిగ్గా మడవమనే మనిషి ఇంట్లోకి వచ్చాడు. ఆ మొదటి ఏడాది ఇద్దరికీ ఎంత కష్టమై ఉంటుందో ఊహించండి. చాలా ఫౌజీ కుటుంబాల్లో పెన్షన్ వచ్చాక ఇదే జరుగుతుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

అందుకని పుస్తకంలో నాలుగు పేజీలు అన్నయ్యకి వదిలిపెట్టండి. ఆయనకి తోచినట్టు రాయమనండి. కోపంగా రాసినా వేయండి. ఒక్క షరతు పెట్టండి, రాసే ముందు ఆ మూడు గళ్ల కాగితం చూడాలని. ఆయన రాయనంటే ఆ పేజీల గురించి మళ్లీ అడగకండి. అన్నీ పొగడ్తలే ఉన్న పుస్తకం అయితే మనవలు ఒకసారి తిరగేసి పక్కన పెడతారు. పైగా మీ నాన్నకి కూడా అది నచ్చకపోవచ్చు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. 71 సంగతి ఎత్తగానే ఆయన లేచి వెళ్లిపోతారన్నారు. అది మొహమాటం అయి ఉండవచ్చు, తోటివాళ్లు పోయిన జ్ఞాపకం అయినా అయి ఉండవచ్చు. దీపావళి శబ్దాలకు ఉలిక్కిపడటం, నిద్రలో అరవడం, ఫలానా నెల వస్తే ముభావంగా ఉండటం లాంటివి అమ్మ గమనించారేమో కనుక్కోండి. ఉంటే ఆ తలుపు మీరు తెరవకండి. ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లో చెబితే మానసిక వైద్యుల దగ్గరికి రిఫర్ చేస్తారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో కూడా మాట్లాడతారు. ఇంతకాలం అయ్యాక ఇప్పుడెందుకు అనుకోవద్దు. ఈ వయసులోనూ ఉపశమనం దొరుకుతుంది. అలాంటివేమీ లేకపోతే, డిసెంబర్ 16న సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ దగ్గరి వీరుల సైనిక స్మారకానికి తీసుకెళ్తానని ఆయన్ని అడిగి చూడండి. తన వయసువాళ్లు నలుగురు కలిస్తే మనతో అననివి వాళ్లతో అంటారు. మీరు కాస్త దూరంగా నిలబడండి, చాలు.

గులాబీల గురించి, రేడియోల గురించి ఒక అధ్యాయం తప్పకుండా ఉండాలి. వాటిని చివర్లో కాలక్షేపం అని రెండు లైన్లలో తేల్చేయకండి. వాల్వు రేడియో బాగుచేసే మనుషులు హైదరాబాద్‌లో ఇప్పుడు బాగా తగ్గిపోయారు. ఏ సెట్టు ఎక్కడ దొరికింది, దేనికి ఎన్ని నెలలు పట్టింది, బాగుపడ్డాక మొదట ఏ స్టేషన్ పలికింది, ఇవి ఆయన నోటితో చెప్పించి మీ అబ్బాయితో రాయించండి. యుద్ధం గురించి అడిగి విసిగిన పిల్లవాడు చేతికి సోల్డరింగ్ ఐరన్ ఇస్తే తాతయ్య పక్కనే కూర్చుంటాడు. ఐటీఐలో ఎంతోమంది కుర్రాళ్లకి నేర్పిన మనిషికి మనవడికి నేర్పడం ఏం కష్టం?

అచ్చు సంగతి చివర. ఇప్పుడు డిజిటల్ ప్రింటింగ్‌లో పాతిక ముప్పై కాపీలు కూడా వేసి ఇస్తారు, పెద్ద ఖర్చు కాదు. బంధువులకి పంచే పుస్తకంలో సర్వీసు నంబరు, పీపీఓ నంబరు, బ్యాంకు వివరాలు కనిపించే కాగితాల ఫొటోలు వేయకండి. పెన్షనర్లని మోసం చేసేవాళ్లకి అవే కావాలి. మే నెలకి అచ్చు కావాలంటే ఫిబ్రవరి ఆఖరుకి రాత పని అయిపోవాలి. మార్చిలో ఒక కాపీ పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి, ముందు అమ్మ చేతికి ఇవ్వండి. తీరిగ్గా చదవనివ్వండి. "ఇది ఇలా జరగలేదు" అని ఆమె పెన్సిలుతో గీసిన చోటల్లా మళ్లీ కూర్చుని అడగండి, దిద్దండి. నాన్నకి ఆ తర్వాత చూపించండి.